పచ్చి దుంగలో పిచ్చుక గూడు

(ప్రసంగ పాఠం)



కామాఠిపురా అన్న పేరులోనే కాయకష్టం ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దం చివర, దీవుల మధ్య గట్లు వేసి, పల్లపు నేలలు పూడ్చి ముంబయిని ఒక్క నేలగా చేస్తున్న కాలంలో, నిజాం రాజ్యం నుండి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారిని ఈ నగరం కామాఠీలు అని పిలిచింది. పూడ్చిన నేల మీదనే వారి పేట వెలిసింది. వారు రాళ్లెత్తారు, సున్నం కలిపారు, దూలాలు మోశారు, గోడలు లేపారు. తరువాతి కాలంలో నూలు మిల్లులు పద్మశాలీలను రప్పించాయి. వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు చాళ్లలో తెలుగు మాట వినబడసాగింది. నగరానికి ఇళ్లు కట్టినవారు, బట్ట నేసినవారు తాము మాత్రం ఒక్కొక్క గదిలో సంసారాలు నడిపారు.

ఆ ఒక్క గదిలోనే అద్దె చెల్లించని మరొక కాపురం కూడా ఉండేది. అది ఊరపిచ్చుక కాపురం. మరాఠీవారు దానిని చిమణి అంటారు. పెంకుటి కప్పు కింద వాసాల సందు, గోడలో ఇటుక రాలిన కంత, మీటరు పెట్టె వెనుక ఖాళీ, దేవుడి పటం వంచి కట్టిన చోట ఏర్పడే మూల, ఇవే దాని ఇళ్లు. ఊరిలో చూరుకు వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకను పిలిచే అలవాటు ఉన్నవారికి, ఈ పరాయి నగరంలో మొదట పరిచయమున్న ముఖం అదే అయి ఉంటుంది. బియ్యం ఏరుతుంటే నూకల కోసం గడప దాటి వచ్చే పిట్టకు భాష అక్కరలేదు.

ఇప్పుడు ఆ చాళ్లు కూలుతున్నాయి. కూలడం తప్పనిది, కోరుకున్నది కూడా. 1920ల నాటి బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదికి బదులుగా 500 చదరపు అడుగుల ఇల్లు ఇచ్చే పునర్నిర్మాణం సాగుతున్నది. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 ఇళ్లు అప్పగించారు. కామాఠిపురా పునర్నిర్మాణం కూడా మ్హాడా చేపట్టిన పనుల్లో ఉన్నది. వానకు కారే కప్పు కింద, పది కుటుంబాలకు ఒక్క మరుగుదొడ్డితో బ్రతికినవారికి సొంత స్నానపు గది ఉన్న ఇల్లు దక్కడం న్యాయమే. దానికి ఎవరూ కంట నీరు పెట్టనక్కరలేదు. కాని కొత్త గోడకు కంత ఉండదు. అద్దం పలకకు, నునుపైన సిమెంటు పూతకు, అల్యూమినియం చట్రానికి చూరు ఉండదు. మనిషికి తాళం చెవి చేతికి అందిన రోజే పిచ్చుకకు ఇల్లు పోతుంది.

ఈ నష్టం ఊహ కాదు. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ఒక విశేషాన్ని వెల్లడించింది. దేశం మొత్తం మీద చూస్తే గత పాతికేళ్లకు పైగా పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగా ఉన్నది. ఆరు మహానగరాలలో మాత్రం అది తగ్గుతూ వచ్చింది. ఆ ఆరింటిలో ముంబయి ఒకటి, హైదరాబాదు మరొకటి. అంటే తెలుగు వలస కుటుంబం బయలుదేరిన చోట, చేరిన చోట, రెండు చోట్లా పిచ్చుక తగ్గింది. మన దేశానికే ఇది పరిమితం కాదు. బ్రిటన్‌లో ఊరపిచ్చుకను 2002లో ఎర్ర జాబితాలో చేర్చవలసి వచ్చింది. నాసిక్‌కు చెందిన నేచర్ ఫరెవర్ సొసైటీ చొరవతో 2010 నుండి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుకొంటున్నారు.

పిచ్చుకతో ఈ పేటకు మరొక బంధుత్వం కూడా ఉన్నది. పక్షిశాస్త్రంలో భారతదేశానికి పేరు తెచ్చిన సలీం అలీ 1896లో ఇదే ముంబయిలో పుట్టి, కామాఠిపురాకు నడక దూరంలోని ఖేత్‌వాడిలో మేనమామ ఇంట పెరిగారు. చిన్ననాడు తాను కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అది ఏ పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. ఆయన జీవితం ఆ గడప వద్దనే మలుపు తిరిగింది. 1985లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరులో కూడా పిచ్చుక ఉన్నది.

కూలిన చూరుకు బదులు ఏమి ఇవ్వగలం అన్న ప్రశ్నకు చెక్క గూడు ఒక జవాబు. పలకలు కోసి మేకులు కొట్టిన పెట్టె ఎవరైనా చేయగలరు, అదీ మంచిదే. అయితే అంతకంటె పాతదైన, చెట్టు తొర్రకు దగ్గరైన మరొక పద్ధతి ఉన్నది. అప్పుడే కోసిన పచ్చి దుంగను తరిమెన మీద పట్టి, లోపల గుల్ల చేసి, ఆ గుల్లనే గూడుగా మలచడం. తరిమెన అంటే చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రం. ముంబయిలో ఆ పనివాడిని ఖరాదీ అంటారు. యంత్రాన్ని లేత్ మిషన్ అనే అందరూ అంటారు.

తెలుగునాట ఈ విద్యకు చిరునామా ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఆ బొమ్మలే ఊరేగాయి. అక్కడ వాడేది మెత్తని అంకుడు కర్ర. దానిని కొంతకాలం ఆరబెట్టి, తరిమెనకు బిగించి, చెక్కి, తిరుగుతున్న బొమ్మకు లక్కను ఒత్తుతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. పిల్లవాడి అరచేతిలో జారేంత నునుపు ఆ పనికి గీటురాయి.

పిచ్చుక గూడు చేసేటప్పుడు ఖరాదీ ఈ విద్యను సగం గుర్తుంచుకోవాలి, సగం మరచిపోవాలి. ఏది గుర్తుంచుకోవాలో, ఏది మరచిపోవాలో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట కర్ర సంగతి. గూటి కోసం చెట్టు కొట్టడమంటే కాపురం కోసం కాపురాన్ని కూల్చడమే. మహారాష్ట్ర నగర ప్రాంత వృక్ష సంరక్షణ చట్టం 1975 నుండి అమలులో ఉన్నది. వృక్ష ప్రాధికరణం అనుమతి లేకుండా నగరంలో చెట్టును నరకడం నేరం. అయితే కర్రకు ముంబయిలో కొరత లేదు. ఏటా వానలకు ముందు మహానగరపాలిక ఉద్యాన విభాగం ప్రమాదకరమైన కొమ్మలను కత్తిరిస్తుంది. వానలలో చెట్లు కూలుతాయి. 2020 ఆగస్టు 5న కొలాబాలో గంటకు 106 కిలోమీటర్ల గాలి నమోదైన నాడు, 2021 మే నెలలో తౌక్టే తుపాను తీరం వెంట సాగిన నాడు, దక్షిణ ముంబయి వీధులు కొమ్మలతో నిండిపోయాయి. అలా పడిన కర్ర చివరకు పొయ్యికో చెత్తకుప్పకో చేరుతుంది. గూటికి తగిన దుంగ అందులోనే ఉన్నది. దానిని తీసుకోవడానికి కూడా వార్డు కార్యాలయాన్ని అడగడం పద్ధతి.

ఆ కొమ్మలతో పాటు మరొకటి పోతుందని కూడా గమనించాలి. టుక్ టుక్ అని రేకు కొట్టినట్టు కూసే కంసాలి పిట్ట ఎండు కొమ్మలలోనే తొర్ర తొలుస్తుంది. అది విడిచిన తొర్రలో మరొక పిట్ట కాపురం పెడుతుంది. మనుషుల తల మీద పడకుండా ఎండు కొమ్మను తీసివేయక తప్పదు. తీసిన కొమ్మనే గూడుగా మలచి తిరిగి ఇవ్వగలిగితే కొంత ఋణం తీరుతుంది.

ఏ కర్ర మంచిదన్నది తరువాతి ప్రశ్న. గంగరావి కర్ర తరిమెనకు అనుకూలం. మరాఠీలో దానిని భేండీ అంటారు. నేరేడు తడిని ఓర్చుకుంటుంది. వేపకు పురుగు తొందరగా పట్టదు. గుల్‌మొహర్, మామిడి చెక్కడానికి సులువే కాని ఆరుబయట త్వరగా చెడతాయి. చూరు కింద వాన తగలని చోట వేలాడదీసే గూటికి అవీ పనికి వస్తాయి. గన్నేరు, పచ్చగన్నేరు విషపు చెట్లు. వాటి జోలికి పోరాదు.

పచ్చి దుంగే ఎందుకు? పచ్చి కర్రలో నీరు నిండి ఉంటుంది గనుక ఉలికి మెత్తగా లొంగుతుంది. పొడి రేగదు, పొడవైన తడి పొట్టు రిబ్బనులా జారుతుంది. ఉలి వేడెక్కదు. ఎండిన దుంగ మీద ఒక పూట పట్టే పని పచ్చిదాని మీద ఎంతో త్వరగా ముగుస్తుంది. అన్నిటికీ మించి, దుంగను దుంగగానే ఆరబెడితే అది పగులుతుంది. కర్ర ఎండేటప్పుడు నిలువునా దాదాపు కుంచించుకోదు. బెండు నుండి బెరడు వైపు నూటికి మూడు నాలుగు పాళ్లు, వలయాల వెంబడి చుట్టూ అందుకు రెట్టింపు వరకు కుంచించుకుంటుంది. చుట్టుకొలత తగ్గాలనుకుంటుంది, నడుమ నిండుగా ఉన్న చెక్క దానిని తగ్గనివ్వదు. ఆ పెనుగులాటలో దుంగ అంచు నుండి నడుమ దాకా చీలుతుంది. కట్టెల అడితిలో ప్రతి దుంగ ముఖాన కనిపించే నక్షత్రపు పగులు అదే.

నడుమను తొలిచివేస్తే ఆ పెనుగులాట చాలావరకు తీరుతుంది. పలుచని గోడ అడ్డు లేకుండా లోపలికి ముడుచుకుంటుంది. పెద్ద వలయం చిన్న వలయమవుతుంది, అంతే. నిండుగా ఉన్నప్పుడు పగిలే కర్ర గుల్ల అయిన తరువాత నిలుస్తుంది. పిచ్చుకకు చోటిచ్చే ఖాళీయే కర్రను కూడా కాపాడుతుంది.

ఇక కొలతలు. దుంగ వ్యాసం బెరడు కాక 19 సెంటీమీటర్లు, పొడవు 25 సెంటీమీటర్లు ఉంటే చాలు. కొనలు ముందే చీలి ఉంటాయి గనుక కోసేటప్పుడు రెండు వైపులా కొంత అదనంగా ఉంచి, పని మొదలుపెట్టే రోజున దానిని తీసివేయాలి. పని ఆలస్యమైతే కొనలకు మైనం పూసి, తడి గోనెలో చుట్టి నీడలో ఉంచాలి. అంత దుంగ బరువు సుమారు ఏడు కిలోలు ఉంటుంది. దానిని రెండు మొనల మధ్య బిగించి, మొదట నిదానంగా, నిమిషానికి ఐదారు వందల చుట్లకు మించకుండా తిప్పాలి. తడి దుంగ ఒక పక్క బరువుగా ఉంటుంది. తొందరపడితే యంత్రమే ఊగుతుంది. కళ్లకు అద్దాలు, ముఖానికి అడ్డుపలక తప్పనిసరి. వదులు చేతుల చొక్కా, చున్నీ, కొంగు, మెడలో గొలుసు ఏవీ తిరిగే దుంగ దగ్గరకు రాకూడదు.

గుండ్రమయిన దుంగను ఒక కొనన చక్కుకు బిగించి, నట్టనడుమ లావు బరమాతో రంధ్రం వేయాలి. బెండు ఆ దెబ్బతో పోతుంది. పగులు పుట్టేది అక్కడే గనుక బెండును మిగల్చరాదు. ఆ రంధ్రం నుండి గాడి ఉలితో అంచు వైపు తొలుచుకుంటూ వస్తే లోపల 13 సెంటీమీటర్ల గుల్ల తేలుతుంది. బయట 17 సెంటీమీటర్లు, గోడ మందం రెండు సెంటీమీటర్లు. ఇక్కడ రెండు కోరికలు ఎదురుపడతాయి. గోడ ఎంత పలుచనైతే అంత సురక్షితంగా ఆరుతుందని ఖరాదీ ఆలోచన. గోడ ఎంత మందమైతే మే నెల ఎండలో పిల్లలకు అంత చల్లదనం. రెండు సెంటీమీటర్లు ఇద్దరికీ కుదిరిన రాజీ. ఆ మందం పైనుండి కింది దాకా ఒకేలా ఉండాలి. ఒకచోట మందం, ఒకచోట పలుచన అయితే ఒకటి ముందు, ఒకటి వెనుక ఆరి గోడ చీలుతుంది. లావు తెలిపే కాలిపర్‌తో వేలెడు దూరానికి ఒకసారి కొలవడం ఇందుకే. చివరకు ఏడు కిలోల దుంగలో మిగిలేది రెండున్నర కిలోల లోపు. తక్కినదంతా పొట్టు. అది కుండీలలో ఎరువుకు పనికి వస్తుంది.

తరువాత ఓపిక కావాలి. గూడును ఎండలో పెట్టరాదు. దాని పొట్టులోనే కప్పి, కాగితపు సంచిలో ఉంచి, నీడలో ఆరనివ్వాలి. పొట్టు తడిస్తే మార్చాలి. వారానికొకసారి తూచి, బరువు తగ్గడం ఆగినప్పుడు ఆరినట్టు భావించాలి. ముంబయి గాలిలో తడి ఎక్కువ గనుక జూన్ నుండి సెప్టెంబరు దాకా పని నత్తనడక నడుస్తుంది, బూజు పడుతుంది. వేసవి ఆరంభంలో కత్తిరించిన కొమ్మ ఇందుకు మేలు. ఆరేసరికి 13 సెంటీమీటర్ల గుల్ల సుమారు 12 అవుతుంది. పిచ్చుకకు కావలసిన నేల అంతే.

అడుగు బిళ్లను, పైకప్పును ఎండిన కర్రతోనే చేయాలి, గూడు ఆరిన తరువాతనే బిగించాలి. పచ్చి గోడలో ఎండు బిళ్లను బిగువుగా దిగగొడితే, గోడ ముడుచుకోబోయి ఆ బిళ్లకు తగిలి చిట్లుతుంది. కూలిన చాల్ దూలంలోని పాత టేకు ముక్క ఇందుకు శ్రేష్ఠం. పాత రంగు పూసిన ముక్కను మాత్రం వాడరాదు. రంగులో సీసం ఉండే అవకాశం ఉన్నది. పైకప్పు 22 సెంటీమీటర్ల బిళ్లగా, చుట్టూ చూరులా ముందుకు వచ్చి ఉండాలి. అడుగున నీరు కారడానికి నాలుగు చిన్న రంధ్రాలు, పైన గాలి ఆడడానికి రెండు ఉండాలి. అడుగు బిళ్లను జిగురుతో అంటించక మరమేకులతో బిగిస్తే ఏటా విప్పి శుభ్రం చేయవచ్చు.

ప్రవేశద్వారం 32 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంకె గూడు ఎవరిదో నిర్ణయిస్తుంది. 32 అయితే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. ఐదు సెంటీమీటర్లకు పెంచితే గోరింక వచ్చి పిచ్చుకను వెళ్లగొడుతుంది. ద్వారం నేల నుండి 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే కాకి ముక్కు పిల్లలకు అందదు. ద్వారం ముందు వాలడానికి పుల్ల పెట్టడం చాలామందికి ముచ్చట. పిచ్చుకకు అది అక్కరలేదు. అది అంచును పట్టుకుని దూరగలదు. పుల్ల ఉపయోగపడేది కాకికి, పిల్లికి.

ఖరాదీ మరచిపోవలసినది ఇక్కడ వస్తుంది. తరిమెన విద్యకు గర్వకారణం నునుపు. గూటి లోపల ఆ నునుపు ప్రాణాంతకం. గుడ్డు నుండి బయటపడిన రెండు వారాలకు ఎగరడానికి సిద్ధమయ్యే పిల్ల, 15 సెంటీమీటర్ల గోడను కాళ్లతో పాకి ద్వారం చేరుకోవాలి. ఉప్పుకాగితం రుద్ది, లక్క పట్టించి, అద్దంలా మెరిపించిన గోడ దానికి నూతి లోపలి గోడ వంటిది. అందువల్ల ద్వారం కింద లోపలి వైపున ఉలితో అడ్డంగా గాట్లు పెట్టాలి. లోపల రంగు, వార్నీషు, లక్క ఏదీ పూయరాదు. బయట కావాలంటే కాస్త నూనె పట్టించవచ్చు. మెరిసే ఎరుపు, పసుపు రంగులు మనిషి కంటికి ఇంపు. పిట్టకు అవి అక్కరలేదు, కాకి కంటికి మాత్రం గుర్తు.

నూటికి పైగా ఏళ్ల క్రితమే జర్మనీలోని సీబాఖ్‌లో హాన్స్ ఫాన్ బెర్లెప్ష్ అనే పక్షి ప్రేమికుడు ఈ సంగతిని గ్రహించాడు. వడ్రంగిపిట్టలు తొలిచిన తొర్రలను కోసి, లోపలి ఆకారాన్ని పరిశీలించి, బెరడుతో ఉన్న సహజమైన దుంగలను ఆ ఆకారంలోనే యంత్రంతో తొలిపించాడు. పిట్ట తన ఇంటిని ఎలా కట్టుకుంటుందో ముందు చూసి, తరువాత యంత్రం తిప్పించాడు.

గూడు తయారయింది. దానిని ఎక్కడ ఉంచాలి? నేల నుండి మూడు మీటర్ల ఎత్తున, పిల్లి ఎక్కలేని గోడకు, నీడలో. ముంబయి వాన నైరుతి నుండి కొడుతుంది గనుక ద్వారం ఉత్తరానికో తూర్పుకో తిరిగి ఉండాలి. ఏసీ యంత్రం వేడి గాలి తగిలే చోట, తిరిగే పంకా ఉన్న గదికి దారి తీసే చోట పెట్టరాదు. పిచ్చుక ఒంటరి పిట్ట కాదు, చాల్ పిట్ట. ఒకే చూరు కింద మూడు నాలుగు గూళ్లు వరుసగా ఉంటే దానికి ఇష్టం. వేలాడదీసి ఊగనివ్వక గట్టిగా బిగించాలి. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు తెరచి చూడరాదు. ఖాళీ అయ్యాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని పాత గడ్డి తీసివేయాలి.

గూడు పెట్టిన మాత్రాన పిచ్చుక వస్తుందన్న హామీ లేదు. దగ్గరలో ఒక్క పిచ్చుక అయినా మిగిలి ఉన్న చోట వచ్చే ఆశ ఎక్కువ. వచ్చినా ఇల్లు మాత్రమే చాలదు. పెద్ద పిచ్చుక గింజ తిని బ్రతుకుతుంది. పిల్లలకు మాత్రం మొదటి రోజులలో పురుగులే ఆహారం. అంగుళం మట్టి మిగల్చకుండా సిమెంటు పరచి, వారం వారం పురుగుల మందు చల్లే ఆవరణలో గింజలు ఎన్ని పోసినా పిల్లలు పెరగవు. మెట్ల పక్కన నాలుగు కుండీలలో గోరింట, కరివేపాకు, తులసి, మందార పెంచితే చిన్న పురుగులు చేరతాయి. నిస్సారమైన పళ్లెంలో రోజూ మార్చే నీరు, పొర్లడానికి జానెడు పొడిమట్టి, దాగడానికి ఒక గుబురు పొద, ఇవి గూటితో పాటు కావలసినవి.

ఇంత శ్రమ ఒక్క పిట్ట కోసమా అన్న ప్రశ్న రావచ్చు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని సామెత. ఇక్కడ అస్త్రం పిచ్చుక పక్షాన తిరుగుతున్నది. అది మనిషిని నమ్మి, అడవిని విడిచి, ధాన్యం వెంట ఊరికి, ఊరి నుండి నగరానికి వచ్చిన పిట్ట. పొట్ట కోసం ఊరు విడిచిన కుటుంబానికి దాని కథ కొత్తది కాదు.

ఈ పని చేయడానికి ఇదే అదను. కట్టిన గోడకు తరువాత మేకు కొట్టడానికి నిర్వహణ సంఘం అనుమతి కావాలి, నిచ్చెన కావాలి, వాదన కావాలి. కట్టబోయే గోడలో అయితే ఒక తీర్మానం చాలు. పునర్నిర్మాణంలో ఉన్న ప్రతి సహకార గృహసంఘం తన సర్వసభ్య సమావేశంలో కింది అంతస్తుల ఉత్తరపు, తూర్పు గోడల మీద నాలుగైదు చోట్లు పిచ్చుకల కోసం విడిచిపెట్టమని అడగవచ్చు. ఆవరణలో కొంత మట్టిని సిమెంటు కింద పూడ్చకుండా ఉంచమని అడగవచ్చు. మహానగరపాలిక తెలుగు బడులలోని పిల్లలు గూళ్లను లెక్కపెట్టి, ఏ గూటిలో గడ్డి చేరిందో నెల నెలా రాసి పెట్టవచ్చు.

గూడు చేసే ఖరాదీకి వర్తించే నియమమే ఇల్లు కట్టేవారికీ వర్తిస్తుంది. బయట నుండి చూసేవారికి ఎలా కనిపిస్తుందన్నది రెండవ మాట. లోపల ఉండేవారు ఎలా ఎక్కుతారు, ఎలా దిగుతారు, వేడికి ఎలా ఓర్చుకుంటారు, వాన ఏ దిక్కు నుండి కొడుతుంది అన్నవి మొదటి మాట. కామాఠీలు ఈ నగరానికి గోడలు కట్టారు. ఆ గోడల కంతలలో తరతరాలుగా పిచ్చుకలు పిల్లలను చేశాయి. రేపటి గోడలు కంతలు లేకుండా లేస్తున్నాయి గనుక, ఆ కంతను ఇప్పుడు చేతితో చేసి ఇవ్వవలసి ఉన్నది. దాని వెడల్పు 32 మిల్లీమీటర్లు.